మట్టికోట నుండి సర్కారు క్వార్టర్ల వరకు

ఢిల్లీలోని తెలుగువారము నిజాముద్దీన్ స్టేషనుకు పోవని సంవత్సరముండదు. ఊరినుండి వచ్చు బంధువులను తోడ్కొని వచ్చుటకో, సెలవులకు పోవు పిల్లలను రైలెక్కించుటకో అచ్చటికి పోవుచునే యుందుము. ఆ స్టేషనుకు పడమరగా, దర్గా చుట్టును అల్లుకొనియున్న ఇరుకు సందులలో రెండు సమాధులు కలవు. ఒకటి కవి అమీర్ ఖుస్రోది. దానిని ఎరుగనివారుండరు. రెండవదానిని చూచినవారు మన సంఘ సభ్యులలో పదిమంది యుందురో లేదో! అది ఒక తెలుగువాని సమాధి. ఒకప్పుడు ఈ ఢిల్లీ రాజ్యమునకంతకును ప్రధానమంత్రియై యుండిన తెలుగువానిది. కవి మన ఓరుగల్లు మట్టిగోడను మెచ్చుకొనెను. మంత్రి ఆ గోడలు కూలిన పిదప ఇచ్చటికి చేరెను. మట్టిని గురించియు, పాత రాళ్ళను గురించియు వ్రాయబూనిన నాకు ఈ యిరువురిని తలచుకొనక కథ ప్రారంభించుట సాధ్యము కాలేదు.

1309వ సంవత్సరమున అల్లాఉద్దీన్ ఖిల్జీ పంపగా మాలిక్ కాఫూరు ఓరుగల్లు మీదికి దండెత్తెను. ఆనాటి ఓరుగల్లుకు లోపల రాతికోట, వెలుపల మట్టికోట యుండెడివి. రాతికోటను గణపతిదేవుని కాలమున మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేయించినదని చరిత్రకారులందురు. మట్టికోటను లేపినదియు ఆమెయే. ప్రతి కోట చుట్టును అగడ్త. అగడ్త త్రవ్వగా వచ్చిన మట్టియే గోడయైనది. త్రవ్వుట, కట్టుట అను రెండు పనులును ఒక్క పారదెబ్బతో ముగిసినవన్నమాట. ఎచ్చటినుండియో బండ్ల మీద రాయి తోలవలసిన పనిలేదు, కాల్చుటకు కట్టెలు నరుకవలసిన పనిలేదు.

ఈ దండయాత్రను ఖుస్రో తన 'ఖజాయినుల్ ఫుతూహ్' అను గ్రంథమున వర్ణించెను. సుల్తాను కొలువులోని కవి శత్రువుల గోడను పొగడవలసిన అవసరమేమున్నది? అయినను పొగడెను. ఉక్కు బల్లెమును అందులో దింపజాలరనియు, యంత్రములతో విసరిన రాతిగుండు పిల్లలాడుకొను కాయవలె దానిని తాకి వెనుకకు ఎగిరివచ్చుననియు వ్రాసెను. ఇందు కవుల అతిశయోక్తి కొంత యున్నను, సంగతి మాత్రము నిజమే. రాతిగోడకు గుండు తగిలినచో రాయి పగులును, బీటలు పారును. దిమ్మిసకొట్టిన మందపు మట్టికట్టకు దెబ్బ తగిలినచో అది దానిని తనలో ఇముడ్చుకొనును. తుదకు ఢిల్లీ సైన్యము అగడ్తను పూడ్చి మట్టికోటను దాటి, రాతికోటను చుట్టుముట్టగా, ప్రతాపరుద్రుడు 1310లో సంధి చేసికొనెను. ఆ మట్టికట్ట నేటికిని వరంగల్లులో కనబడుచున్నది. దారిన పోవువారు దానిని దిబ్బ యనుకొందురు. ఏడువందల యేండ్లకు పైబడిన వానలకు నిలిచిన దిబ్బ అది.

మట్టి అనగానే మన ఇండ్లు స్మృతికి రాకమానవు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములందలి చుట్టిండ్లు గుండ్రముగా నుండుటచే తుపాను గాలి వాటి చుట్టును జారిపోవును. గాలికి అదిమిపట్టుటకు మూలలుండవు. రాయలసీమలో వేరు పద్ధతి. మా పితామహుల యిల్లు అనంతపురము జిల్లాలో మట్టి మిద్దె. దూలముల మీద వాసములు, వాటి మీద బోదయో కంపయో పరచి, పైన మన్ను కప్పి, అన్నిటికంటె పైన చవుడు పోయుదురు. చవుటినేలలో పైరు పండదు. కాని ఆ మన్నులోని ఉప్పుగుణము వలన తడి తగిలినంతనే బంకరేణువులు విడివడి ఉబ్బి సందులను మూసివేయును, నీరు లోనికి దిగదు. పంటకు పనికిరాని నేల మన నెత్తిన కప్పుగా పనికివచ్చినది! ఏటేట వానలకు ముందు మా నాయనమ్మ కూలివాండ్రను పిలిపించి మిద్దె మీద క్రొత్త చవుడు పోయించెడిది. ఒక యేడు మా చిన్నాయన బద్ధకించెను. ఆ శ్రావణమున పడసాలలో చెంబులు, గిన్నెలు, గంగాళములు పెట్టుకొని రాత్రియంతయు మేలుకొంటిమి. మట్టియిల్లు నమ్మినవారిని మోసగింపదు గాని, మరచినవారిని క్షమింపదని ఆమె మరునాడు గొణిగిన మాట ఇంకను నా చెవులలో నున్నది.

1323లో ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకొనెను. ప్రతాపరుద్రుని ఢిల్లీకి కొనిపోవుచుండగా దారిలో మరణించెనని చెప్పుదురు. ఆయన కొలువులోని ప్రముఖుడొకడు ఢిల్లీ చేరి, మతము మార్చుకొని, మక్బూల్ అను పేరు వహించెను. పూర్వము అతని పేరు కన్నూ అని అఫీఫ్ అను చరిత్రకారుడు వ్రాసెను. గన్నమనాయకుడని మన చరిత్రకారులు చెప్పుదురు. అతనికి చదువను వ్రాయను రాదని అఫీఫే వ్రాసినాడు. అయినను బుద్ధిబలముచే అంచెలంచెలుగా పైకి వచ్చి, ఫిరోజ్‌షా తుగ్లక్ కాలమున వజీరై, ఖాన్‌-ఎ-జహాన్ బిరుదము పొందెను. సుల్తాను దండయాత్రలలో నున్నప్పుడు రాజధానిని ఏలినవాడు ఇతడే. ఢిల్లీకి నిజమైన రాజు ఖాన్‌-ఎ-జహానే యని సుల్తాను స్వయముగా అనెడివాడట. ఫైళ్ళతో పట్టుబట్టి పరీక్షలు ప్యాసై వచ్చిన మనము, సంతకము చేయనేరని ఆ తొలి తెలుగు ఉద్యోగిని ఒక్కసారి తలచుకొనుట తప్పుకాదు.

1368–69 ప్రాంతమున కట్టిన అతని సమాధి ఢిల్లీలోని అష్టకోణపు సమాధులలో మొదటిది. అంతకుముందువి చదరములు. తరువాత సయ్యదులు, లోడీలు తమ సమాధులకు ఈ యెనిమిది మూలల రూపమునే తీసికొనిరి. లోడీ తోటలో సాయంకాలము షికారు పోవువారు చూచు మహమ్మద్‌షా, సికందరు లోడీల సమాధులకు మూలము ఆ తిలంగాణీ సమాధియే. అతని కుమారుడు జూనాన్ షా తండ్రి పదవిని, బిరుదమును పొంది మసీదులనేకము కట్టించెను. తుర్క్‌మాన్ గేటు దగ్గరి కలాన్ మసీదు 1387 నాటిది. ఖిడ్కీ గ్రామములోని మసీదును అతనిదే యందురు.

ఈ కట్టడములను దగ్గరకు పోయి తాకి చూడవలెను. చెక్కిన రాయి వీటిలో మిక్కిలి తక్కువ. ఆరావళి గుట్టలలో దొరకు అడ్డదిడ్డపు గుండ్లను దట్టమైన సున్నపు గచ్చులో పేర్చి, పైన మందముగా సున్నము పూసిరి. గోడలు అడుగున వెడల్పు, పైకి పోనుపోను సన్నము. మట్టిగోడ కట్టువారు ఎల్లప్పుడు చేయు పనియే యది. పొదుపు వలన పుట్టిన వాస్తువిది. కొందరు పండితులు దీనిని మోటు వాస్తు అని చిన్నచూపు చూచిరి. నాకు మాత్రము ఖిడ్కీ మసీదు నీడలో నిలుచున్నప్పుడు, ఆడంబరమునకు డబ్బులేని ఒక మంచి గృహస్థు ఇంటిలో నిలిచినట్లుండును.

పాతవాటిని మరల వాడుటలో ఫిరోజ్‌షా గొప్పవాడు. తోప్రాలోని అశోకస్తంభమును యమునమీదుగా ఢిల్లీకి తెప్పించిన కథ అఫీఫ్ వ్రాసినది. స్తంభము చుట్టును బూరుగుదూదిని పేర్చి దానిమీదికి మెల్లగా వాల్చిరి. రెల్లుతోను పచ్చితోళ్ళతోను చుట్టిరి. నలువదిరెండు చక్రముల బండి మీద కెక్కించి, చక్రమునకు రెండువందలమంది చొప్పున మోకులు పట్టి లాగిరి. దాని మీది వ్రాతను చదువగలవారు ఆనాడెవరును లేరు. చదువలేని వ్రాతను చెక్కుచెదరకుండ కాపాడుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి. పిడుగు పడి చెడిన కుతుబ్‌మీనారు పై అంతస్తులను బాగుచేయించినవాడును అతడే.

అన్ని పునర్వినియోగములును ఇట్టివి కావు. కుతుబ్ ఆవరణలోని మసీదును ఇరువదియేడు దేవాలయముల సామగ్రితో కట్టినట్లు దాని ద్వారశాసనమే చెప్పుచున్నది. సిరి నగరపు రాళ్ళను షేర్‌షా తన నగరమునకు తరలించెను. ఫిరోజాబాదు రాళ్ళు షాజహానాబాదుకు పోయినవి. లోధీ రోడ్డు చివర నున్న సఫ్దర్‌జంగ్ సమాధికి కావలసిన చలువరాతిని, అక్బరు సేనానియు కవియునగు అబ్దుర్ రహీం ఖాన్‌ఖానా సమాధినుండి ఒలిచిరి. రహీం సమాధి అస్థిపంజరమువలె చాలకాలము నిలిచి, ఇటీవల 2020లో జీర్ణోద్ధరణ పొందినది. ఢిల్లీలో ప్రతి నగరమును వెనుకటి నగరమునకు గనిగా త్రవ్వుకొన్నదే.

మన నేల మీదను ఇదే జరిగినది. 1797 ప్రాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతిలో పట్టణము కట్టించుచు, దీపాలదిన్నె యని జనులు పిలుచు తిప్పను త్రవ్వించిరి. అది మహాస్తూపము. శిల్పఫలకములు కొన్ని కట్టడములలో చేరిపోయినవి, కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయినవి. నాయుడుగారు దుర్మార్గులు కారు, దాతలని పేరుగన్నవారు. వారికది రాతిగుట్టగానే కనబడినది. భట్టిప్రోలు స్తూపపు ఇటుకలు, రాళ్ళు తరువాతి కాలమున రోడ్డుపనులకు, కాలువ పనులకు పోయినవి. కావున పాత సామాను వాడుట పుణ్యమని ఒక్కమాటలో తేల్చి చెప్పుటకు వీలులేదు. దేనిని విప్పుచున్నారో ఎరిగి విప్పుట వేరు, ఎరుగక విప్పుట వేరు.

మట్టి విషయమునను ఢిల్లీ పాఠములు నేర్చినది. షాజహాను తన క్రొత్త నగరమునకు 1650లో కట్టించిన తొలి ప్రాకారము మట్టి, రాయి కలిపి త్వరగా లేపినది. వానలకు అది కూలినది. పిమ్మట ఎర్రరాతితో కట్టిన గోడ 1657 నాటికి పూర్తియైనది. ఓరుగల్లు కట్ట నిలిచెను, షాజహానాబాదు గోడ నిలువలేదు. వెడల్పుగా వాలుగా దిమ్మిసకొట్టిన కట్టకును, నిటారుగా తొందరలో లేపిన గోడకును గల భేదమిదని నా ఊహ.

1911లో రాజధాని మార్పు ప్రకటింపబడి 1931లో న్యూఢిల్లీ ప్రారంభమైనది. ఆనాటివరకును మేస్త్రీలకు సున్నమే దైవము. ఇటుకపొడిని మనవారు సుర్కీ యందురు. విరిగిన ఇటుకలను పొడిచేసి, సున్నముతో కలిపి, ఎద్దుల గానుగలో నూరినచో నీటిలో సైతము గట్టిపడు గచ్చు సిద్ధమగును. ఇది మన తాతల గానుగసున్నమే. వ్యర్థమైన ఇటుకను మరల గోడలో ప్రవేశపెట్టు ఉపాయము. 1953లో పూర్తియైన తుంగభద్ర ఆనకట్టలో రాళ్ళను పట్టియుంచినది సుర్కీ గచ్చే.

1947లో దేశము విడిపోగా లక్షలాది జనులు ఢిల్లీకిని చుట్టుప్రక్కల పట్టణములకును వచ్చి పడిరి. సిమెంటు కరవు, ఇటుక కరవు, బొగ్గు కరవు. ఆ యిక్కట్టులో 1948లో కర్నాలులో ఒక గొప్ప ప్రయోగము జరిగినది. ఆ కర్నాలు నేడు రాజధాని ప్రాంతములో చేరియున్నది. అచ్చటి మట్టిలో నూటికి రెండున్నర పాళ్ళు మాత్రము సిమెంటు కలిపి, చెక్కల నడుమ పోసి దిమ్మిసకొట్టి, శరణార్థులకు సుమారు 4000 ఇండ్లు కట్టిరి. నలుగురైదుగురు పెద్దలు ఆడుకొన్న ఆట కాదది, ఒక చిన్న పట్టణము. మట్టియిండ్లు పెద్ద సంఖ్యలో, తక్కువ కాలములో, ప్రభుత్వ పర్యవేక్షణములో కట్టవచ్చునని అప్పుడే ఋజువైనది.

1954 ఆరంభమున ఢిల్లీలో ఐక్యరాజ్యసమితి వారి గృహనిర్మాణ సదస్సును, దానితోపాటు చౌక యిండ్ల అంతర్జాతీయ ప్రదర్శనమును జరిగినవి. జాక్వెలిన్ టిర్విట్ అను విదుషీమణి అందులో ఒక నమూనా గ్రామకేంద్రమును కట్టించెను. ఆ సంవత్సరమే జాతీయ భవననిర్మాణ సంస్థ ఢిల్లీలో ఏర్పడెను. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు, తారు కలిపిన మట్టిపూతను రూపొందించిరి. వానకు కరగని అలుకుడు అనవచ్చును. ఇన్ని సంస్థలు, ఇంత శాస్త్రము ఢిల్లీలోనే యుండగా, అదే దశకమున మన ఉద్యోగుల కొరకు కట్టిన కాలనీలలో మట్టి యొక్క జాడ ఏల లేదు? పరిశోధకులు మట్టి పేదలకని నిశ్చయించుకొనిరి. పేదలు, ధనవంతులు విడిచిన వస్తువును తామేల పట్టుకొనవలెనని ప్రశ్నించిరి. కర్నాలు ఇండ్లకు కలిగిన గౌరవము ఇంజనీర్ల వ్యాసములలోనే నిలిచిపోయెనని నా యభిప్రాయము. మా నాయనమ్మ మిద్దె సైతము, మా చిన్నాయనకు చేతిలో డబ్బాడగనే, స్లాబుగా మారినది. నేనును అప్పుడు సంతోషించితిని. మే నెలలో సెలవుకు పోయి ఆ స్లాబు క్రింద పండుకొన్న రాత్రి మాత్రము సంతోషింపలేదు.

ఎండను మట్టి ఎట్లు ఆపునో ఇచ్చట ఒక్కమాట. మందపు మట్టిగోడలో వేడి మెల్లమెల్లగా ప్రయాణము చేయును. మిట్టమధ్యాహ్నము వెలుపలి ముఖమును తాకిన వేడి లోపలి ముఖమును చేరునప్పటికి రాత్రియగును. అప్పటికి బయట చల్లబడియుండును, కిటికీ తెరచిన సరిపోవును. నలువదియైదు డిగ్రీల ఢిల్లీకి ఇంతకంటె ఏమి కావలెను? కాల్చని ఇటుకకు బొగ్గును అక్కరలేదు. ఢిల్లీ చుట్టునున్న ఇటుకబట్టీలు పొలముల పైమట్టిని తినును, గాలిలో పొగ కలుపును. ఆ పొగను మనమందరము పీల్చుచునే యున్నాము.

మరల ప్రయత్నించినవారు లేకపోలేదు. 1983లో ఢిల్లీలో స్థాపింపబడిన డెవలప్‌మెంట్ ఆల్టర్నేటివ్స్ అను సంస్థ, మట్టిని యంత్రముతో అదిమి దిమ్మెలు చేయు విధానమును ప్రచారము చేసినది. మట్టిలో ఇసుకపాలు తగినంత యుండవలెను. మన నల్లరేగడి ఒంటిగా పనికిరాదు, ఎండకు బీటలు వారును. నూటికి అయిదు మొదలు ఎనిమిది పాళ్ళు సిమెంటు కలిపి, అచ్చులో అదిమి, మూడు వారములు తడిపిన చాలును. కుతుబ్ ప్రాంతమున ఆ సంస్థ తన కార్యాలయమునే మట్టిదిమ్మెలతో కట్టుకొనెను. చోటు చాలక ఈ శతాబ్దపు మొదటి దశకమున దానిని విప్పి, అశోక్ లాల్ అను వాస్తుశిల్పి రచించిన నమూనాతో క్రొత్త భవనము లేపిరి. పాత గోడల మట్టి క్రొత్త దిమ్మెలలోనికి పోయినది. ఢిల్లీలో ఒక కట్టడము తన తరువాతి కట్టడమునకు ఇంత శాంతముగా చోటిచ్చిన సందర్భము మరియొకటి నాకు తోచుటలేదు.

ఇక మన సొంత కథ. 2016 జులైలో కేంద్ర మంత్రివర్గము ఢిల్లీలోని ఏడు సర్కారు కాలనీలను మరల కట్టుటకు ఆమోదించినది: సరోజినీనగరు, నేతాజీనగరు, నౌరోజీనగరు, కస్తూర్బానగరు, త్యాగరాజనగరు, శ్రీనివాసపురి, మహమ్మద్‌పూర్. ఉన్న 12,970 క్వార్టర్ల స్థానమున సుమారు 25,667 అని లెక్క. నేను ఇరువదిరెండేండ్లు సరోజినీనగరులో నుంటిని. పూర్వము వినయనగరనబడిన ఆ కాలనీకి మన గోవిందరాజులు నాయుడుగారి ధర్మపత్ని పేరు పెట్టిరని ప్రతి క్రొత్త తెలుగు కుటుంబమునకు గర్వముగా చెప్పుకొనెడివారము. అచ్చటి వేపచెట్ల క్రిందనే మన ఉగాదులు జరిగినవి, అచ్చటి వరండాలలోనే మన ఆడపడుచులు ఆవకాయ జాడీలు ఎండబెట్టిరి. వేలాది చెట్లను కొట్టుటకు అనుమతులిచ్చిరని తెలిసి 2018లో పౌరులు చెట్లను కౌగిలించుకొని నిలిచిరి. ఢిల్లీ హైకోర్టు ఆ కొట్టివేతను ఆపినది.

ఉద్యోగులకు ఇండ్లు చాలవనుట సత్యమే. క్వార్టరు కొరకు పదేండ్లు ఎదురుచూచినవాడను గనుక క్రొత్తవి వలదనలేను. కాని పడగొట్టునప్పుడు చూడబోయితిని. తలుపులు, కిటికీ చట్రములు ముందే కబాడీవారు కొనిపోయిరి. గోడలు కూలిన పిదప కూలి స్త్రీలు వరుసగా గొంతుకు కూర్చుండి, చిన్న సుత్తులతో ఇటుకలకు అంటిన గచ్చును రాలగొట్టుచుండిరి. ఒక్కొక్క కుప్పలో ఇటుకలు నిండుగా వచ్చుచున్నవి, మరియొక కుప్పలో ముక్కలగుచున్నవి. కారణమడిగితిని. పాత గోడ సున్నముతో కట్టినదనియు, తరువాత చేర్చిన వరండా సిమెంటుతో కట్టినదనియు ఆమె చెప్పినది. సున్నము ఇటుకను వదలును. సిమెంటు వదలదు, ఇటుకయే విరుగును. నలువదియేండ్లు కార్యాలయములో కట్టడముల ఫైళ్ళు చూచిన నాకు ఎవరును చెప్పని సంగతి అది.

విరిగిన ముక్కలకు సైతము నేడు గతియున్నది. 2009లో ఢిల్లీ నగరపాలక సంస్థ తరఫున బురాడీలో దేశములోనే మొదటిదైన శిథిల పునర్వినియోగ కర్మాగారము పనిచేయనారంభించెను. లారీలలో వచ్చిన శిథిలముల నుండి ఇనుము, చెక్క, ప్లాస్టిక్కు ఏరివేసి, దంచి, కడిగి, జల్లించి, కంకరగాను ఇసుకగాను విడదీయుదురు. వాటితో నడకదారి పలకలు, రోడ్డంచు రాళ్ళు, గోడ దిమ్మెలు చేయుదురు. 2019లో ప్రారంభమైన సుప్రీంకోర్టు అదనపు భవనములో ఇట్టి దిమ్మెలు లక్షల సంఖ్యలో చేరినవి. 2016లో శిథిలములకు ప్రత్యేక నియమములు వచ్చినవి. అదే సంవత్సరపు భారత ప్రమాణము, పాత కాంక్రీటునుండి తీసిన కంకరను మామూలు కాంక్రీటులో నాలుగవ వంతు వరకును, ఇనుము వేసిన కాంక్రీటులో అయిదవ వంతు వరకును కలుపవచ్చునని అనుమతించినది. ఫిరోజ్‌షా కాలపు మేస్త్రీ ఈ నియమములను చూచి నవ్వునేమో. గుండ్లను ఏరి పేర్చుటకు అతనికి ఎవరి అనుమతియు అక్కరలేకపోయినది. అయినను శిథిలము యమున ఒడ్డున రాత్రివేళ పారబోయబడుటకంటె, నియమము మేలు.

ఆనాడు సరోజినీనగరులో ఆ స్త్రీని అడిగి ఒక ఇటుకను తెచ్చుకొంటిని. సున్నపుగోడలోనిదే. డబ్బిచ్చినచో తీసికొనలేదు, 'మీ యింటిదే కదా, బాబూజీ' అన్నది. ద్వారకలోని మా ఫ్లాటు బాల్కనీలో తులసికుండీ క్రింద దానిని పెట్టితిని. కుండీకి నీరు పోయునప్పుడెల్ల ఇటుక తడిసి, ఒక క్షణము మట్టివాసన వచ్చును. మా మనుమడు దాని మీద సుద్దముక్కతో ముగ్గు వేసినాడు.